ఆఖరి సీటీ దాకా

1973 మే 27, ఆదివారం సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు పురానాపూల్ కట్ట గ్రౌండులో రిఫరీ బంతిని చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచాడు. మూసీ స్పోర్టింగ్ క్లబ్ నగర లీగ్ ఏ డివిజన్ నుంచి బీ డివిజన్‌కు పడిపోయింది. ఆ రోజు అక్కడ ఎవరూ బంతిని తన్నలేదు.

ఆ సమయానికి ఇస్సాకు గ్రౌండు గోడ బయట, మూసీ వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు.

ఇస్సాకు నీళ్ల శాఖలో వాల్వ్‌మ్యాన్. వయసు నలభై ఎనిమిది. పురానాపూల్ దగ్గరి గల్లీలకు గండిపేట చెరువు నీళ్లు వదలడం, ఆపడం అతని పని. గల్లీల్లో అతన్ని నీళ్ల ఇస్సాకు అనేవారు. గ్రౌండులో క్లబ్ ఇస్సాకు అనేవారు. అతను ఎప్పుడూ ఆడలేదు. మూసీ ఎండినప్పుడు ఇసుకలో రెండు రాతిగుండ్లు పెట్టి, వాటి మధ్య గోల్ అనుకుని ఆడిన రోజుల నుంచి అతను చూస్తున్నాడు. ఆ ఇసుకలోనే క్లబ్ పుట్టింది. 1973లో కూడా క్లబ్ ప్రాక్టీసు ఇసుకలోనే. కట్ట గ్రౌండు లీగ్ వాళ్లది. మ్యాచ్ రోజు తప్ప లోపలికి రానివ్వరు.

ఆటగాళ్లలో నలుగురు బేగంబజార్ హమాలీలు. మిగతావాళ్లు దర్జీ పని, ప్రెస్సు పని, బస్సులు కడిగే పని చేసేవాళ్లు. జెర్సీలు, బంతులు బేగంబజార్ కిరాణా టోకు వ్యాపారి వైకుంఠం ఇచ్చేవాడు. వైకుంఠం ఫుట్‌బాల్ చూడడు. తండ్రి ఇచ్చాడు కాబట్టి తానూ ఇస్తున్నాడు. "ఏ డివిజన్ల ఉన్నన్ని దినాలు ఇస్త. కిందికి పోతే నా దుకాణం మెట్లెక్కకుండ్రి" అని రెండేళ్ల కిందటే చెప్పాడు. ఏ డివిజన్ మ్యాచ్‌లకు రైల్వే వాళ్లు, పోలీసు వాళ్లు వచ్చి చూసి, నచ్చిన కుర్రాళ్లకు నౌకరీ ఇచ్చేవారు. బీ డివిజన్ మ్యాచ్‌లకు ఎవరూ వచ్చేవారు కాదు. గల్లీలో అంతకు ముందు పడిపోయిన క్లబ్బులు మూడు ఉన్నాయి. ఒకటీ తిరిగి పైకి రాలేదు. మూడింటి పేర్లూ ఇస్సాకుకు గుర్తున్నాయి. గల్లీలో ఇంకెవరికీ గుర్తు లేవు.

ఆ ఏడాది లీగ్ మొదలయ్యే ముందు వారం ఇస్సాకు వాల్వ్ గుంటలో జారిపడ్డాడు. కుడి పాదం ఎముక విరిగింది. ఆసుపత్రిలో పిండికట్టు వేశారు. మొదటి మూడు మ్యాచ్‌లకు అతను మంచం మీదే ఉన్నాడు. మూసీ స్పోర్టింగ్ రెండు గెలిచింది, ఒకటి డ్రా చేసింది. మ్యాచ్ అయిన ప్రతిసారీ సెంటర్ ఫార్వర్డ్ కొండల్ జెర్సీతోనే వచ్చి మంచం పక్కన కూర్చుని ఆట మొత్తం చెప్పేవాడు.

పిండికట్టు తీసిన మరునాడు నాలుగో మ్యాచ్. ఇస్సాకు కర్ర పట్టుకుని వెళ్లాడు. మూడు గోల్స్‌తో ఓడారు. ఐదోది ఓడారు. ఆరోది డ్రా అయింది. ఏడోది ఓడారు.

కోడలి పాదం, బర్రె పాదం చూసే గల్లీలో ఇస్సాకు పాదం చూడటానికి ఎక్కువ రోజులు పట్టలేదు. అతని పాదం కలిసిరాదని మొదట ఎవరన్నారో ఎవరూ చెప్పలేదు. ఏడో మ్యాచ్ తర్వాత అందరూ అన్నారు.

ఎనిమిదో మ్యాచ్‌కు ఇస్సాకు లోపలికి పోలేదు. గోడ బయట కూర్చున్నాడు. మొదటి సగంలో లోపల కేక వినిపించింది. కొండల్ గోల్ కొట్టాడు. ఇస్సాకు ఒక రాతిగుండు ఎక్కి గోడ మీది నుంచి తొంగి చూశాడు. అతను చూస్తుండగానే మూసీ స్పోర్టింగ్ మీద గోల్ పడింది. తర్వాత ఇంకొకటి పడింది, ఓడారు. ఈ సంగతి బయటపెట్టింది ఇస్సాకే.

ఒక్క మ్యాచ్ మిగిలింది. మూసీ స్పోర్టింగ్ పట్టికలో అందరి కన్నా కింద ఉంది. సరిగ్గా పైన ఉన్న క్లబ్బుకు ఒక్క పాయింటు ఎక్కువ, దాని మ్యాచ్‌లన్నీ అయిపోయాయి. డ్రా అయినా గోల్స్ లెక్కలో మూసీయే కిందికి పోతుంది. గెలవాలి.

సోమవారం సాయంత్రం బసవయ్య దుకాణంలో కూర్చున్నారు. బసవయ్య దర్జీ. టీంను నడిపేది అతనే. కుట్టు మిషను మీద గుడ్డ కప్పి, ఇస్సాకును స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"ఇస్సాకన్నా, నేనేమన్న అబద్ధమాడుతున్ననా? నువ్వే చెప్పు."

"నేనేడ కాదంటున్న? గుండెక్కిన. నేను చూసుడు, గోల్ పడుడు. రెండు ఒక్కపారే."

"మీ పాస్టరు ఏమంటడు?"

"దేవుడు పాదాలు చూడడంటడు."

"దేవుడు చూడడు. బాల్ చూస్తది."

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. ఇస్సాకు కూడా నవ్వాడు.

"గట్లయితే ఆదివారం ఇంట్ల పండుకుంట" అన్నాడు.

"నువ్వు పండుకోవన్నా. నాకెర్క లేదా నీ సంగతి? కేక వినవడితే ఉరికొస్తవ్. ఒట్టు పెట్టు."

బైబిలు మీద పెట్టమని ఒకరన్నారు. ఇస్సాకు వద్దన్నాడు. బైబిలు మీద ఒట్టు పెట్టుకోవద్దని బైబిలులోనే ఉందన్నాడు. అప్పుడు బసవయ్య కొండల్‌ను పిలిచి కింద కూర్చోబెట్టాడు.

"వీని తల మీద పెట్టు. తప్పితే వీనికే తాకుతది."

కొండల్‌కు ఇరవై రెండేళ్లు. వైకుంఠం గోదాములో బస్తాలు మోస్తాడు. ఇస్సాకును కాకా అంటాడు.

"బస్తాలు మోసే తలకాయ కాకా" అన్నాడు. "పైలంగ వెయ్యి. బరువుండొద్దు."

ఇస్సాకు కొండల్ తల మీద చెయ్యి పెట్టాడు. బసవయ్య ఒక్కో మాటా చెబితే ఇస్సాకు అన్నాడు. ఆఖరి మ్యాచ్‌లో ఆఖరి సీటీ, రిఫరీ ఊదే ఈల, పడేదాకా గ్రౌండులో అడుగు పెట్టను. గోడ మీది నుంచి, సందులో నుంచి, గేటులో నుంచి చూడను. నా చూపు గ్రౌండు మీద పడదు.

"సీటీ పడ్డంక?" అని ఇస్సాకు అడిగాడు.

"సీటీ పడ్డంక గ్రౌండు మొత్తం నీదే. పొర్లు."

తిరిగి వెళ్లేటప్పుడు ఇస్సాకు, కొండల్ కలిసి నడిచారు. చివరి మ్యాచ్ ఒక సర్కారీ ఆఫీసు టీంతో. వాళ్లకు గెలిచినా ఓడినా తేడా లేదు. కానీ వాళ్లు మంచి బూట్లతో, నేల మీద బంతి దొర్లిస్తూ చిన్న చిన్న పాసులతో ఆడతారు. మేలో కట్ట గ్రౌండు బండలా ఉంటుంది.

"గా నేల మీద ఆల్లను పట్టుడు కాదు కాకా. బాల్ చింతగింజ లెక్క జారుతది. మనకు ఇసుక అలవాటాయె. కాలు జర దిగబడితే గని మన కాలు లేవదు."

"మరెట్ల?"

"ఒక్క వాన పడితే ఆల్లు జారి పడుతరు, మనం ఉరుకుతం. మేల వాన యాడికెల్లి వస్తది?"

 తాను ఆ వాన మాట అన్నట్టు గుర్తు లేదని కొండల్ తర్వాత చెప్పాడు.

ఆ వేసవిలో గండిపేటలో నీళ్లు అడుగంటాయి. గల్లీలకు రోజు విడిచి రోజు, తెల్లవారుజామున రెండు గంటలు నీళ్లు ఇచ్చేవారు. గ్రౌండులకు, తోటలకు నీళ్లు ఆపేశారు. కట్ట గ్రౌండు గేటు ముందు రోడ్డు మీద ఒక వాల్వ్ గుంట ఉంది. అందులో రెండు వాల్వులు. ఒకటి గల్లీకి, ఒకటి గ్రౌండుకు. గ్రౌండు వాల్వ్ ఫిబ్రవరి నుంచి తెరవలేదు. ఆదివారం గల్లీ వంతు.

ఆదివారం తెల్లవారకముందే గల్లీ నల్లా దగ్గర బిందెలు వరుస కట్టాయి. ఇస్సాకు భార్య లీలమ్మ బిందెలు ముందు వరుసలో ఉన్నాయి. నల్లా రాలేదు. కొంతసేపు చూసి లీలమ్మ గ్రౌండు గేటు దాకా వెళ్లింది. ఇస్సాకు గుంట అంచున కూర్చుని ఉన్నాడు. వాల్వ్ తిప్పే ఇనుప చావి ఒళ్లో ఉంది.

"నల్లా రాలె."

"వస్తది. జర ఆగు."

లీలమ్మ గుంటలోకి వంగి చప్పుడు విన్నది. గ్రౌండు గోడ వైపు చూసింది.

"ఎటు పోతున్నయి నీళ్లు?"

ఇస్సాకు చావిని ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాడు.

"నిన్న లేవు. ఇయ్యాల ఇస్తరనుకుంటే ఇదా? గంగాళంల చీమలు తిరుగుతున్నయి ఇంట్ల. నీకు గ్రౌండు తడవాలెనా?"

"ఒక్క గంట లీలమ్మా. అటెన్క గంట గల్లీకి."

"బాల్‌కు దూపయితున్నదా?"

"నేల మెత్తవడాలె. కాలు దిగబడాలె. గప్పుడే మనోళ్లు ఉరుకుతరు."

"ఎవరన్న చూస్తే నౌకరి పోతది."

"చూడకుంటే క్లబ్ పోతది."

 గల్లీలో ఏం చెప్పాలని లీలమ్మ అడిగింది. పైపులో ఎయిర్ పట్టిందని చెప్పమన్నాడు ఇస్సాకు. ఆమె వెళ్లి అదే చెప్పింది.

లోపల గ్రౌండు కాపలాదారు మల్లన్న ఉన్నాడు. అతని గది గేటు పక్కనే. ఇస్సాకు ముందు రోజే అతనితో మాట్లాడుకున్నాడు. తాను లోపలికి రాడు, చూడడు. మల్లన్న పైపు తిప్పుతూ గోడ మీదుగా చెప్పాలి. నేల అన్ని దిక్కులా పదునెక్కగానే ఆపుతారు. గోడ ఆరడుగులపైన ఉంది. ఇద్దరూ ఒకరికొకరు కనబడలేదు.

"మల్లన్నా, ఎంతవరకొచ్చింది?"

"ఇప్పుడిప్పుడే తడుస్తున్నదన్నా. పగుళ్లల్లకు పోతున్నయి మొత్తం."

"కాలు దిగుతున్నదా?"

"యాడ దిగుతది? బండ లెక్కున్నది. ఇడువు ఇంకొంచెం."

మళ్లీ కొంతసేపటికి ఇస్సాకు అడిగాడు.

"నది దిక్కు గోల్ కాడ చూసినవా?"

"చూసిన."

"ఎట్లున్నది?"

"మంచిగున్నది. ఇంకొంచెం ఇడువన్నా."

మల్లన్న నది వైపు గోల్ దగ్గరికి వెళ్లలేదు. అతని గదిలోనూ రెండు రోజులుగా నీళ్లు లేవు. గ్రౌండు పైపు తన డ్రమ్ముల్లో, సిమెంటు తొట్టిలో పెట్టి నింపుకున్నాడు. తర్వాత బిందెలు నింపాడు. పైపును తిరిగి గ్రౌండులో వదిలి చాయ్ పెట్టుకున్నాడు. "గంత పెద్ద గ్రౌండు, గా సన్న పైపు నీళ్లు ఏ మూలకయితయి అనుకున్న" అని అతను తర్వాత చెప్పాడు.

కట్ట గ్రౌండు గేటు దగ్గర ఎత్తుగా, నది దగ్గర పల్లంగా ఉంటుంది. గేటు వైపు ఎర్రమొరం. నది వైపు వరదలకు పేరుకున్న ఒండ్రు. గేటు దగ్గర వదిలిన నీళ్లు మొరం పగుళ్లలో దిగి, కిందికి నడిచి, నది వైపు గోల్ ముందర నిలబడ్డాయి. గేటు దగ్గర నిలబడినవాళ్లకు నేల తడిసినట్టు మాత్రమే కనిపిస్తుంది. ఆ పల్లం సంగతి ఇస్సాకుకు తెలుసు. అందుకే ఆ గోల్ గురించి అడిగాడు. చూడలేడు కాబట్టి చెప్పింది నమ్మాడు.

వాల్వ్ ఎంతసేపు తెరిచి ఉందో ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. రెండు గంటలని మల్లన్న చెప్పాడు. చర్చిలో గంట కొట్టేదాకా అని లీలమ్మ చెప్పింది. ఇస్సాకు తనకు తెలియదన్నాడు. అతను గల్లీ వాల్వ్ తిప్పేసరికి పైనుంచి నీళ్లు ఆగిపోయాయి. గల్లీ నల్లాలో గాలి వచ్చింది, తుప్పు నీళ్లు ఒక చెంబెడు వచ్చాయి, అంతే. బిందెలు ఖాళీగా ఇళ్లకు వెళ్లాయి.

ఇస్సాకు చర్చికి వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం తినలేదు. మ్యాచ్ నాలుగున్నరకు. మూడు దాటాక వెళ్లి గ్రౌండు గోడ బయట, రోడ్డుకు అవతల, గ్రౌండుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

కొండల్ గేటులో నుంచి బయటికి వచ్చాడు.

"కాకా, చెరువైంది."

ఇస్సాకు లేచి నిలబడ్డాడు.

"నది దిక్కు గోల్ కాడనా?"

"ఆ. ఫెనాల్టీ బాక్సు మొత్తం. పైపు పలిగిందంటున్నడు బసవన్న." కొండల్ ఆగాడు. "నది దిక్కని నీకెట్ల తెలుసు? చూసినవా?"

"చూడలేరా. నీ మీద ఒట్టు, చూడలే."

కొండల్ అతని చేతుల వైపు చూశాడు. చేతులకు వాల్వ్ గుంట తుప్పు ఇంకా ఉంది. 

"ఎంతున్నయి?" అని ఇస్సాకు అడిగాడు.

"చీలమండ దాక."

"తోడుదాం."

రిఫరీ నాలుగు గంటలకు వచ్చాడు. నది వైపు పెనాల్టీ బాక్సులో బంతిని నడుము ఎత్తు నుంచి వదిలాడు. బంతి పడిన చోటే తేలింది. మ్యాచ్ ఇంకో రోజు పెట్టమని బసవయ్య అడిగాడు. కుదరదని రిఫరీ చెప్పాడు. లీగ్ ఆ రోజుతో ముగుస్తుంది. మర్నాటి నుంచి వేరే టోర్నమెంటు, రిఫరీలందరూ అక్కడికి పోతారు. ఆడని మ్యాచ్‌కు ఇద్దరికీ పాయింట్లు ఉండవు, పట్టిక ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. నీళ్లు తీసేయండి, ఐదింటికి మళ్లీ చూస్తాను, బంతి లేస్తే ఆడిస్తాను అన్నాడు.

నది వైపు గోల్ వెనక గోడ కొంత కూలి ఉంది. అక్కడి నుంచి నీళ్లు కట్ట మీదికి పోస్తే మూసీలోకి పోతాయి. ఆటగాళ్లు జెర్సీలు విప్పి గోడ మీద వేసి, మల్లన్న గదిలో దొరికిన తట్టలతో, డబ్బాలతో తోడటం మొదలుపెట్టారు. మల్లన్న తన డ్రమ్ముల మీద గోనె కప్పి, బకెట్టు పట్టుకుని వచ్చాడు.

లీలమ్మ గల్లీ ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. ఒక్కొక్కరి చంకలో పొద్దున ఖాళీగా తిరిగి వెళ్లిన బిందె ఉంది. గేటు దగ్గర బసవయ్య అడ్డం వచ్చాడు.

"ఏందమ్మా, ఇది మ్యాచ్ గ్రౌండు. ఎటు పోతున్నరు?"

"మా నీళ్లు మేము తోడుకపోతం" అన్నది లీలమ్మ. "గల్లీ నీళ్లు. పొద్దున తొవ్వ తప్పి ఈడికొచ్చినయి."

బసవయ్య ఆమె వైపు చూశాడు, తర్వాత గోడ వైపు చూశాడు. పక్కకు జరిగాడు.

ఇస్సాకు గోడ చుట్టూ తిరిగి కట్ట మీదికి వచ్చాడు. కూలిన గోడ దగ్గర, బయటి వైపు, మూసీకి మొహం పెట్టి నిలబడ్డాడు. లోపలి నుంచి బిందె అందిస్తే చేతులు వెనక్కి చాపి అందుకున్నాడు, కట్ట మీద ఒంపాడు, ఖాళీ బిందెను వెనక్కి చూడకుండా అందించాడు. గోడకు లోపలి వైపు బిందెలు అందించేది లీలమ్మ.

"ఎట్లున్నది?" అని అడిగాడు.

"తిరిగి చూడు."

"చూడను. చెప్పు."

"బురద. బర్రెలు పండుకున్నట్టుంది."

"తగ్గుతున్నదా?"

"తగ్గుతున్నది. చెయ్యి చాపు."

ఇంకో ఆమె లోపలి నుంచి అరిచింది. "ఇస్సాకన్నా, ఎయిర్ పట్టిందంటివి? ఎయిర్ మస్తు బరువున్నది గదనే."

ఆడవాళ్లు నవ్వారు. ఎవరూ తోడటం ఆపలేదు.

ఆఫీసు టీం గేటు దగ్గర నీడలో బూట్లతో కూర్చుని ఉంది. కొంతసేపటికి వాళ్ల గోల్‌కీపర్ బూట్లు విప్పి, ప్యాంటు మడిచి వచ్చి వరుసలో నిలబడ్డాడు. వాళ్ల కెప్టెన్ పిలిచాడు. అతను వెళ్లలేదు.

కొండల్ బేగంబజార్ దాకా పరుగెత్తాడు. ఆదివారం దుకాణాలు మూసి ఉన్నాయి. వైకుంఠం ఇంటికి వెళ్లి గోదాం తాళం చెవి అడిగాడు. వైకుంఠం భార్య వాసవాంబ తాళం చెవి తెచ్చి ఇచ్చింది. వైకుంఠం కొండల్‌తో పాటే వచ్చాడు. తోపుడు బండి మీద ఖాళీ గోనె సంచులు తెచ్చారు. సంచులు బురద మీద పరిచి, తొక్కి, పిండి, మళ్లీ పరిచారు. వైకుంఠం అంతకు ముందెప్పుడూ గ్రౌండులోకి రాలేదు. గేటులో నిలబడి ధోవతి పైకి పట్టుకుని బసవయ్యను అడిగాడు.

"ఇదంతా తీసినంక ఆడాలెనా ఈ పోరగాండ్లు?"

"ఆడాలె సేఠ్. గెలవాలె."

"నిలబడ్డానికి పానం ఉంటదా?"

 వైకుంఠం గేటులోనే నిలబడ్డాడు.

ఐదింటికి కొంచెం ముందు రిఫరీ రెండోసారి బంతిని వదిలాడు. తేలలేదు. బురదలో దిగి ఆగింది. ఇంకో పది నిమిషాలన్నాడు. ఈసారి ఆఫీసు టీం నుంచి మరో ఇద్దరు వచ్చారు. కొందరు మూసీ ఇసుకను గోనెల్లో మోసుకొచ్చి పోశారు. కొండల్ రెండు భుజాల మీద రెండు సంచులు తెచ్చాడు. కూలిన గోడ దాటుతుంటే ఇస్సాకు కాళ్ల చప్పుడు గుర్తుపట్టాడు.

"కొండల్, పైలం. కాళ్లు పోగొట్టుకోకు. ఆడాలె నువ్వు."

"ఆడుత కాకా."

రిఫరీ మూడోసారి వచ్చాడు. ఈసారి అందరూ తోడటం ఆపారు. ఇస్సాకుకు చప్పుడు ఆగినట్టు వినిపించింది. అతను చేతులు వెనక్కి చాపే ఉన్నాడు. లీలమ్మ చేతిలో బిందె ఉంది, అందించలేదు.

ఇసుక పోసిన చోట బంతిని వదిలితే చీలమండ దాకా లేచింది. కొందరు చప్పట్లు కొట్టారు. రిఫరీ నాలుగు అడుగులు వేసి, గోల్ ముందర మళ్లీ వదిలాడు. బంతి లేవలేదు. బూటు మడమతో నేల మీద ఒక గీత గీశాడు. గీతలోకి నీళ్లు ఊరాయి. అతను గడియారం చూసుకున్నాడు. బసవయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. రిఫరీ చెయ్యి విడిపించుకోలేదు, ఆగి ఉర్దూలో రెండు మాటలు చెప్పాడు. ఈ నేల మీద కాలు విరిగితే ఎవరు జవాబు చెబుతారన్నాడు. తర్వాత బంతిని చంకలో పెట్టుకుని నడిచాడు.

ఇస్సాకు అడిగాడు. "లేచిందా?"

లీలమ్మ రిఫరీ వెళ్లిన వైపు చూసింది.

"చప్పట్లు కొట్టిండ్రు గదా. లేచిందా?"

"ఒక్క కాడ లేచింది."

"ఇంకొక కాడ?"

"లేవలె."

ఇస్సాకు చేతులు వెనక్కే ఉన్నాయి. "ఇంక తోడుదాం పట్టు. బిందియ్యి" అన్నాడు.

"అయిపోయిందయ్యా. పోయిండాయన."

"బిందియ్యి."

లీలమ్మ బిందె ఇచ్చింది. అతను ఒంపాడు. ఖాళీది అందించాడు. ఆమె మళ్లీ ముంచి ఇచ్చింది. మళ్లీ ఒంపాడు. అలా కొంతసేపు ఇద్దరే చేశారు. మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరుగా బిందెలు కడుక్కుని వెళ్లారు. ఇద్దరు మాత్రం గోల్ ముందర గుంటలో నిలిచిన నీళ్లు తేటపడ్డ చోట ముంచుకుని, బట్టలకు పనికొస్తాయని తీసుకుపోయారు.

వైకుంఠం తన గోనె సంచులు బండి మీద వేయించలేదు. వదిలేసి వెళ్లాడు. బసవయ్య అతనితో గేటు దాకా నడిచాడు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పలేదు.

కొండల్ కూలిన గోడ మీదికి ఎక్కి ఇస్సాకు పక్కన దిగాడు. మోకాళ్ల దాకా బురద ఉంది. జెర్సీ భుజం మీద ఉంది.

"కాకా, ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. ఇగ చూడు. నాకేం గాదు."

"సీటీ వేసిండా?"

"ఏం సీటీ?"

"ఆఖరి సీటీ. మ్యాచ్ అయిపోయినట్టు సీటీ వేసిండా, లేదా?"

"మ్యాచ్ మొదలే గాలె కాకా. సీటీ ఎందుకేస్తడు?"

"గట్లయితే అయిపోలే" అన్నాడు ఇస్సాకు. "మొదలు గాంది అయిపోతదా? అడగమను బసవన్నను. లీగ్ ఆఫీసుల అడగమను. రేపు ఎండ గొడితే మధ్యాహ్నానికి ఎండుతది. నేనే ఉండి ఆరవెట్టిస్త. ఒక్క దినం. ఒక్క దినం అడగమను."

"అడిగిండు. గాదన్నరు."

"మల్ల అడగమను."

కొండల్ లీలమ్మ వైపు చూశాడు. లీలమ్మ బిందె కింద పెట్టింది.

"కాకా, నా తల మీద పెట్టిన ఒట్టు. నేనే చెప్తున్న. తిరుగు."

"నీ తల మీద పెట్టిన గనుకనే. ఇంక ఆడేది ఉంటే? రేపు పిలుస్తే? నేను ఇప్పుడు చూస్తే?"

 కొండల్ ఇస్సాకు పక్కన కట్ట మీద కూర్చున్నాడు. కొంతసేపటికి లేచి, రేపు పొద్దున గోదాంలో పని ఉందని చెప్పి వెళ్లాడు. వెళ్లేటప్పుడు జెర్సీని బసవయ్యకు ఇచ్చాడు. బసవయ్య మొత్తం పదకొండు జెర్సీలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

లీగ్ కార్యదర్శి సోమవారం పట్టిక విడుదల చేశాడు. మూసీ స్పోర్టింగ్ ఆరు పాయింట్లతో చివర ఉంది. తొమ్మిదో మ్యాచ్ ఎదురుగా ఒక గీత ఉంది.

ఆ ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు మల్లన్న గేటుకు తాళం వేశాడు. వేసే ముందు గ్రౌండు చుట్టూ ఒకసారి తిరిగాడు. నది వైపు గోల్ వెనక, గోడకు అవతల, ఇస్సాకు, లీలమ్మ ఉన్నారు. లీలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇస్సాకు మూసీ వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు.

"మల్లన్నా, సీటీ పడిందా అని అడిగిండు నన్ను" అని మల్లన్న తర్వాత చెప్పాడు. "పడలేదని చెప్పిన."